ఘాట్ రోడ్డే టర్బోకి బడి

విశాఖ రేవు నుంచి రాయపూర్ పోయే లారీకి అసలు పరీక్ష సాలూరు దాటాక మొదలవుతుంది. పి.కోనవలస దగ్గర ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరేసరికి రోడ్డు ఏడు వందల మీటర్లకు పైగా లేస్తుంది. ఆ ఎత్తులో గాలి ఇంచుమించు ఎనిమిది శాతం పలచబడుతుంది. బలమంతా డీజిల్‌దే అనుకుంటాం గానీ, ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. గాలి చాలని చోట డ్రైవరు ఎంత తొక్కినా మిగులు డీజిల్ నల్ల పొగై పోతుందే తప్ప చక్రానికి బలం చేరదు. లారీల మీద బతికే సాలూరుకి ఇది కొత్త సంగతేమీ కాదు. కొత్తగా చెప్పవలసింది వేరే ఉంది. రేసు కార్ల సొత్తని పేరుపడిన టర్బో పెరిగింది రేసు ట్రాకుల మీద కాదు. కొండల మీద, బరువు మోసే బండ్లలో పెరిగింది. రేసు కారు దాన్ని అక్కడి నుంచే తెచ్చుకుంది.

టర్బో ఆలోచన స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీది. ఇంజిన్‌లో కాల్చిన ఇంధనపు శక్తిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ గుండా వేడిగా పోతోంది. ఆ వేడి పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీద రెండో చివర ఇంకో చక్రం బిగించి, దానితో బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపితే? కొలిమికి తిత్తి చేసే పనే ఇది, కాకపోతే ఈ తిత్తిని ఊదేది కొలిమి మంటే. 1905లో పేటెంటు తీసుకున్నాడు. అంత వేడిని, అంత వేగాన్ని తట్టుకునే లోహం అప్పటికి లేదు. 1920ల్లో రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లకు బిగించి 1,750 హార్స్‌పవర్‌ను 2,500 చేసి చూపించేదాకా ఆయన మాట ఋజువు కాలేదు. ఇరవై ఏళ్ళు ఒక్క ఆలోచనని పట్టుకుని కూర్చున్న ఆ మనిషి ఓపిక ముందు తర్వాతి కథంతా నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

ఈలోగా అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్‌కి విమానాల బెంగ పట్టుకుంది. పైకి పోయేకొద్దీ ఇంజిన్ నీరసించిపోతోంది. దాన్ని నేల మీదే పరీక్షించడానికి 1918లో ఆయన చేసిన పని మన ఊరివాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. పన్నెండు సిలిండర్ల లిబర్టీ ఇంజిన్‌ని లారీ మీద కట్టి, కొలరాడోలోని పైక్స్ పీక్ ఘాట్ ఎక్కించి, పద్నాలుగు వేల అడుగుల శిఖరం మీద నడిపాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ పైన 230 ఇచ్చింది. టర్బో బిగించాక 356. కొండ తీసుకున్నదంతా తిరిగి వచ్చింది, మరో ఆరు అదనంగా.

రెండో ప్రపంచ యుద్ధపు బాంబర్లతో లోహాలు, బేరింగులు గట్టిపడ్డాయి. యుద్ధం అయ్యాక టర్బోకి అన్నం పెట్టింది ట్రాక్టర్లు, లారీలు. గ్యారెట్ కంపెనీ 1950ల్లో ఈ వ్యాపారంలోకి దిగింది క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ల కోసమే. 1952లో ఇండియానాపోలిస్ 500 మైళ్ళ రేసుకి కమిన్స్ కంపెనీ తన డీజిల్ ఇంజిన్‌కి టర్బో పెట్టి కారు కట్టింది. అర్హత పరుగుల్లో ఫ్రెడ్ అగబాషియన్ దానితో ముందు వరసలో మొదటి స్థానం గెలిచాడు. గాలి తీసుకునే మూతి నేలకు దగ్గరగా ఉండడంతో ట్రాక్ మీది రబ్బరు ముక్కలు టర్బోలోకి పోయి, 71వ చుట్టులో ఆగిపోయింది. 1968లో అదే రేసుని బాబీ అన్సర్ గెలిచాడు, టర్బో ఉన్న కారుకి అక్కడ అది తొలి గెలుపు. ఆయన కారులోది 1930ల నాటి వంశానికి చెందిన నాలుగు సిలిండర్ల ఆఫెన్‌హౌజర్ ఇంజిన్.

రోడ్డు కార్లలోనూ వరస అదే. 1973 నాటి బీఎండబ్ల్యూ 2002 టర్బోలో కాలు నొక్కిన చాలాసేపటికి గాని బలం వచ్చేది కాదు. స్వీడన్‌లో సాబ్ కంపెనీ మాత్రం లారీలు కట్టే స్కానియాతో కలిసిపోయి ఉంది, టర్బో డీజిళ్ళ అనుభవం ఇంట్లోనే ఉంది. అందుకే 1977లో వాళ్ళు చిన్న టర్బో ఎంచుకున్నారు. ఒత్తిడి మించితే పొగని పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ పెట్టారు. గరిష్ఠ వేగం మీద కాక మధ్య వేగంలో, ఎత్తు ఎక్కేటప్పుడు బలం వచ్చేలా సర్దారు. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ 145 హార్స్‌పవర్ ఇచ్చింది, ఇంటికీ ఆఫీసుకీ నడుపుకోవడానికి పనికొచ్చింది.

నాలుగు సిలిండర్లలో ఎంత దాగి ఉందో చూపినవాడు మ్యూనిక్ ఇంజనీరు పాల్ రోషే. 1962లో బీఎండబ్ల్యూ 1500 అనే సంసారపక్షం కారు వచ్చింది. 1,499 సీసీ, 80 హార్స్‌పవర్. ఆ ఇంజిన్ పోత ఇనుప బ్లాకునే రోషే ఫార్ములా వన్‌కి తీసుకున్నాడు. బోరు (సిలిండర్ వెడల్పు) పెంచి, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) తగ్గించి, మళ్ళీ 1,499 సీసీకే తెచ్చాడు. కొత్త బ్లాకులకన్నా చాలా దూరం తిరిగిన పాత కార్ల బ్లాకులు నయమని గమనించారు. వేలసార్లు వేడెక్కి చల్లారడంతో ఇనుములోని లోపలి బిగువులు సడలి ఉంటాయి, ఇక వంకర పోవు. ఆ ఇంజిన్‌తో నెల్సన్ పికే 1983లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1986 నాటికి అర్హత పరుగుల్లో అది ఎంత ఇచ్చేదో కొలవడానికి కంపెనీ డైనో చాల్లేదు, దాని కొలత 1,280 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోయేది.

ఆ బలం గాలి ఎక్కువ కూరితే వచ్చిందనుకుంటే పొరపాటే. కూరడం ఎవరైనా చేస్తారు. ముప్పై డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే నూట ఇరవై డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి మళ్ళీ పలచనే, అందుకని మధ్యలో ఇంటర్‌కూలర్. వేడి గాలి, పెట్రోలు కలిసి సిలిండర్‌లో స్పార్క్ మంట అందక ముందే ఒక మూల తమంతట తామే అంటుకుంటే నాకింగ్. బలమైన టర్బో ఇంజిన్‌లో కొద్ది క్షణాల నాకింగ్ చాలు, పిస్టన్ అంచు విరగడానికి. బీఎండబ్ల్యూని ఈ గండం దాటించింది టోలుయిన్ పాలు ఎక్కువ కలిపిన ప్రత్యేక ఇంధనం, స్పార్క్‌ని లెక్క ప్రకారం నడిపిన బాష్ కంప్యూటర్.

ఇవాళ ఒక మామూలు నాలుగు సిలిండర్ల కారుని రేసుకి సిద్ధం చేసేవాళ్ళ పనీ ఈ భయం చుట్టూనే తిరుగుతుంది. పోత పిస్టన్లు తీసి ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తారు, కనెక్టింగ్ రాడ్లు మారుస్తారు. కంప్రెషన్ తగ్గిస్తారు. హెడ్ గాస్కెట్ పొరల ఉక్కుది వేస్తారు. పిస్టన్ అడుగున నూనె చిమ్మే ఏర్పాటు చేస్తారు. టర్బో ఎంపికలోనే రేసు సగం తేలిపోతుంది. పెద్దది పెడితే తిన్నని దారిలో దూకుతుంది గానీ మలుపు తిరిగి బయటపడేటప్పుడు మొరాయిస్తుంది. మలుపుల ట్రాక్‌కి, ఘాట్‌కి చిన్నదే మేలు. తర్వాత డైనో మీద ఎక్కిస్తారు. పెట్రోలు లెక్క ప్రకారం ఒకటికి 14.7 పాళ్ళ గాలి చాలు, ఒత్తిడిలో మాత్రం పన్నెండు పాళ్ళ గాలికే ఒక పాలు పెట్రోలు పోస్తారు. ఆ అదనపు పెట్రోలు ఆవిరవుతూ మంటగదిని చల్లబరుస్తుంది. స్పార్క్‌ని ఆలస్యంగా పెట్టి, ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ చూస్తారు. బలం పెరగడం ఆగిన చోట, లేదా నాకింగ్ జాడ కనిపించిన చోట, రెండడుగులు వెనక్కి వేసి బిగిస్తారు. డైనో చూపించిన అతి పెద్ద అంకెకి ఆశపడి ఆ రెండడుగులు వేయనివాడిని మంచి ట్యూనర్ అని నేను అనను.

1988లో ప్యూజో కంపెనీ 405 టీ16 అనే నాలుగు సిలిండర్ల టర్బో కారుని మాస్ లారీ ఎక్కిన పైక్స్ పీక్‌కే తీసుకెళ్ళింది. దాదాపు ఇరవై కిలోమీటర్ల ఘాట్, 156 మలుపులు, అప్పటికి తారు లేని మట్టి రోడ్డు. బయలుదేరేదే తొమ్మిది వేల అడుగుల పైన. రెండు లీటర్లకు లోపు ఇంజిన్, సుమారు 600 హార్స్‌పవర్. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంటే అదే ఒత్తిడి నిలపడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, తిరిగేకొద్దీ గాలిని ఇంకా వేడెక్కిస్తుంది. ఆ రెంటి మధ్య సర్దుబాటు కుదిరింది. అరి వటానెన్ 10 నిమిషాల 47.22 సెకన్లలో శిఖరం చేరి, అంతకు ముందటి ఏడాది ఆడి కారు పెట్టిన రికార్డుని 0.63 సెకన్ల తేడాతో దాటాడు.

మన దగ్గర టర్బో రేసుల దారిన రాలేదు. 1993లో మొదలైన టాటా కమిన్స్ ఇంజిన్లతో పెద్ద లారీలకు వచ్చింది. 2000 నుంచి వచ్చిన పొగ నిబంధనలు దాన్ని చిన్న బండ్లకూ తెచ్చాయి. టాటా 407లోని 497 ఇంజిన్ కూడా టర్బోతో 497 టీసీ అయింది. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అదే ఆ పేరులోని అంకె. అయితే టర్బోకి ఒక జాగ్రత్త కావాలి. లోడుతో ఘాట్ ఎక్కి ఆగగానే తాళం తిప్పేస్తే, ఎర్రగా కాలిన చక్రం పక్కనున్న బేరింగుకి నూనె ఆగిపోతుంది. అక్కడ మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ని ఊరికే తిరగనిస్తే చాలు. టర్బో ఇరుసు బాగుందో లేదో తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. చల్లారాక గాలి హోస్ విప్పి చక్రాన్ని వేళ్ళతో కదిపి చూడాలి. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే ఫర్వాలేదు. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేలా ఆడినా, రెక్కలు లోపలి గోడకి రాసుకున్న గీతలు కనిపించినా టర్బోని దింపాలి, మళ్ళీ ఘాట్ ఎక్కకముందే.