బొమ్మ చెప్పే కథ

దిండిగల్, మధురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరం తమిళం. అమ్మమ్మ చెబితే కథ విని మురిసిపోయే పిల్లవాడు అదే కథను తెలుగులో చదవలేడు. అటువంటి పిల్లలకు బొమ్మల కథ ఎలా తోడ్పడుతుందో చూద్దాం.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసు నుంచి తెలుగులో చందమామను, తమిళంలో అంబులిమామను ప్రారంభించారు. భాషలు రెండైనా కథలూ బొమ్మలూ ఒకటే. ఈరోడ్ ప్రాంతపు పల్లెలో 1924లో పుట్టిన శంకర్‌గారు వేసిన విక్రమార్కుణ్ణి తలచుకోండి. భుజాన శవం, చేత కత్తి, చుట్టూ శ్మశానం. ఆ రాజు పట్టుదల అక్షరం రానివాడికీ తెలిసిపోతుంది.

దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క' వంటి జానపద సీరియళ్లకు చిత్రగారు బొమ్మలు వేశారు. మాంత్రికులు, వింత మృగాలు ఎవరూ కంట చూసినవి కావు. వాటిని బొమ్మ చూపిస్తుంది కనుక రచయిత వర్ణన తగ్గించి కథను పరుగెత్తించగలడు. తీరా ఆపద ముంచుకొచ్చిన చోట ఆ నెల కథ ఆగుతుంది. తరువాత ఏమైందో తెలియాలంటే చదవాల్సిందే.

చందమామ ముద్రణ 2013 నాటికి ఆగిపోయింది. పాత సంచికలు ఇంట్లో ఉంటే దుమ్ము దులిపి పిల్లల ముందు పెట్టండి. ముందు బొమ్మ చూసి కథ ఊహించి చెప్పమనండి. తరువాత పక్కనున్న పేరాను అక్షరం మీద వేలుపెట్టి చదివి వినిపించండి. రోజుకు ఒక పుట చాలు. మన తరువాత ఆ పుస్తకం చదివేవారు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి కదా!