కాశీయాత్రలో అన్నపానములు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటేయని మన పెద్దలనెడివారు. ఆ మాట వట్టి పిరికితనమున పుట్టినది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఏ మజిలీలో బియ్యము, పప్పు మొదలగు సామగ్రి దొరకునో ఆయన తన యాత్రాచరిత్రలో శ్రద్ధగా వ్రాసికొనిరి. పదునైదు నెలలకు పైగా దారిలో నుండువారికి గుడికంటె ముందు అంగడియే అగపడవలెను గదా!

నేడు బోనకల్లులో రైలెక్కి, ఖమ్మముననో వరంగల్లుననో పెద్దబండి మారినచో రెండుమూడు దినములలోనే గంగ కనబడును. దూరము తగ్గినది గాని పొట్టకు వచ్చు కష్టము తగ్గలేదు. 1948కి ముందు మనకు బెజవాడయే పరరాజ్యము. మన హాలీ రూపాయి ఏడిచ్చిన అచ్చటి రూపాయలు ఆరు వచ్చెడివి. అయినను అచ్చటి హోటలులో మన భాష, మన పచ్చడియే ఉండెడివి. కాశిలో అట్లు కాదు. అచ్చట భాష వేరు, నూనె వేరు, నీరు వేరు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పదునొకండుగురము కాశీ గయా యాత్రకు పోయితిమి. మాలో పెద్దవాడు మా మేనమామ. గయలో తన తండ్రికి పిండము పెట్టవలెనని ఆయనకు నలువది యేండ్ల కోరిక. కాశి చేరిన మరునాడు ఎండకు తాళలేక, వీధి మలుపున ఒక బండి వద్ద మంచుగడ్డ వేసిన చెఱకురసము త్రాగెను. ఆ రాత్రియే విరేచనములు పట్టుకొనెను. “లంఖణము పరమౌషధము, నీరు కూడ ముట్టవద్దు” అని ఒకరు సలహా చెప్పిరి. ఆ ఒకడను నేనే. తెల్లవారుసరికి ఆయన కన్నులు గుంటలు పడెను, నాలుక పిడచకట్టెను, మాట తడబడెను. వైద్యశాలలో నాలుగు దినములు సూదిద్వారా నీరెక్కించిరి. ప్రాణము దక్కెను గాని గయకు పోవు తిథి దాటిపోయెను. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. అందుచేతనే నేడు ఈ ప్రసంగము చేయుచున్నాను.

విరేచనమునందు మనుష్యుని చంపునది చాలవరకు ఒంటిలోని నీరును ఉప్పును పోవుటయే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగినప్పుడు, సూదిమందులు చాలక, వైద్యుడు దిలీప్ మహలనబీస్‌గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపి నోటిద్వారా త్రాగించిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు పోవుచుండగా, ఆ పిమ్మట నలుగురికి లోపుగా తగ్గిరి. ఆ పొడియే నేడు ఓ.ఆర్.ఎస్. అను పేర ప్రతి మందుల అంగడిలోను దొరకును. అది లేనిచోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగీసిన చిన్నచెంచాలతో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు హెచ్చినచో అపాయము. ఈ నీటిని గుక్కగుక్కగా త్రాగించుచునే ఉండవలెను. వాంతి వచ్చినను కొంచెము ఆగి మరల ఈయవలెను. నెత్తురు పడినను, మూత్రము నిలిచినను, మగత కమ్మినను వెంటనే వైద్యుని వద్దకు కొనిపోవలెను.

ఇక దారిబత్తెము. పులిహోర చేసికొనిపోవు మన ఆచారమునకు కారణము లేకపోలేదు. చింతపండు పులుపునకు క్రిములు త్వరగా పెరుగవు. వట్టి అన్నము అట్లు కాదు. వెచ్చగా మూతపెట్టి యుంచినచో అందొక క్రిమి పెరిగి విషము పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కావున అన్నమును బాగుగా ఆరబోసి కలిపి, పులిహోరనైనను మొదటి దినమే ముగింపవలెను. రెండవనాటికి అటుకులు, వేయించిన సెనగలు, అప్పటికప్పుడు ఒలుచుకొను అరటిపండ్లు మేలు.

కాశిలో డబ్బు లేకున్నను పస్తుండ నక్కరలేదు. విశ్వనాథాలయమునకు చేరువనున్న అన్నపూర్ణాలయము వారి అన్నక్షేత్రమున ఉచితముగా భోజనము పెట్టుదురు. మానససరోవర ఘట్టము కడ శ్రీరామ తారక ఆంధ్రాశ్రమము కలదు. అచ్చట తెలుగు మాటయు, వరి అన్నమును దొరకును. అయితే ముందుగా పేరు చెప్పుకొనవలెను; వంట వండిన పిదప పోయి నిలబడుట మర్యాద కాదు.

బయట తినవలసి వచ్చినచో, పొద్దుటిపూట జనము మూగిన అంగడిలో మన కన్నులయెదుట మూకుటినుండి తీసిన కచోరి తినవచ్చును. ఆవనూనె ఘాటు మొదట ముక్కునకెక్కును గాని హాని చేయదు. మిరపతోటల నడుమ పెరిగిన మన నాలుకకు అచ్చటి కూరలు చప్పగా తోచి, కోసి యుంచిన పచ్చి ఉల్లిపాయ కొఱకు చేయి చాచుదుము. అపాయమంతయు ఆ పళ్ళెములోనే యున్నది. పాలు పొంగుచుండగా మట్టి ముంతలో పోసిన టీ నిస్సంశయముగా త్రాగవచ్చును. సీసానీరు కొన్నచో మూత ముద్ర చెదరలేదని చూచికొనవలెను. ధర ముందే అడుగవలెను. థాలీకి ఇంతయని చెప్పినప్పుడు, రెండవమారు వడ్డించిన రొట్టెకు వేరే వెల గలదాయని కూడ అడుగుట లోభము కాదు.

ఠండాయి అను చల్లని పాలపానీయము చూడముచ్చటగా నుండును. అందు భంగు కలిపినదియు నుండును. అచ్చట భంగును అనుమతి పొందిన అంగళ్ళలో బాహాటముగా అమ్ముదురు. ప్రసాదమను భ్రమతో త్రాగిన వృద్ధులకు తల తిరిగి, గుండె దడదడలాడి, మెట్లమీద కాలు తప్పును. “భాంగ్ నహీ” అను రెండు మాటలు మన ఆడువారును నేర్చుకొని పోవలెను.

మధుమేహమునకు మందు వాడువారికి ఒక్క మాట. దర్శనపు వరుసలో ఎంతసేపు పట్టునో ఎవరికిని తెలియదు. భోజనమునకు ముందు వేసికొను మాత్రయైనను సూదియైనను విస్తరి ఎదుటికి వచ్చిన పిదపనే వాడవలెను. ముందే వాడి అన్నము ఆలస్యమైనచో చెమటలు పట్టి సొమ్మసిల్లుదురు. కొంగున రెండు బెల్లపు ముక్కలు కట్టుకొని పోవుడు.

మా మేనమామ మరుసటి యేడు గయకు పోయి వచ్చెను. ఈ మారు ఆయన సంచిలో చెంబు, చక్కెర, ఉప్పు పొట్లములు, ఒక చిన్న చెంచా ఉండెను. చెంచా తలగీయుటకు పాత పోస్టుకార్డు ముక్కను కూడ పెట్టుకొనెను.