ప్రహరీ ఎవరి రక్షణకి?

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలోని గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకాయి. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. వందమందికి పైగా పిల్లలు పార్వతీపురం ఆసుపత్రిలోనూ విశాఖ కెజిహెచ్‌లోనూ చేరారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కురుపాం విజయనగరం జిల్లాలోదే. పరీక్షల్లో తేలిన రోగం హెపటైటిస్-ఎ. మలం కలిసిన నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తుంది. ఒంట్లో చేరాక రెండు నుంచి ఏడు వారాలకి గానీ బయటపడదు. కాబట్టి పిల్లలు పడిపోయిన రోజు ఏం జరిగిందని అడిగి లాభం లేదు. దానికి నెల ముందు వాళ్ళు ఏ నీళ్ళు తాగారో అడగాలి. ఆ నెలలో ఒక పిల్ల "నీళ్ళు బాగోలేవు సార్" అని చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పుకోగలదో అడగాలి.

మాది విజయనగరం జిల్లా, మాలపేట. కురుపాం పిల్లలు ఆదివాసులు. వాళ్ళ కష్టం, మా కష్టం ఒకటేనని నేను కలిపేయను. వాళ్ళ అడవి వేరు, భాష వేరు. కానీ గేటు ఒకటే. వార్డెను, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్, హాజరు రిజిస్టరు, డైట్ బిల్లు – ఎస్సీ హాస్టలుకైనా ఆశ్రమ పాఠశాలకైనా ఇదే సంసారం.

నేను ఆరో తరగతిలో హాస్టల్లో చేరాను. మా అమ్మ ఉపాధి పనికి సెలవు పెట్టుకుని, రెండు బస్సులు మారి సోడంబలి, జంతికలు పట్టుకుని వచ్చింది. ఆ రోజు ఆదివారం కాదు. గేటు తియ్యలేదు. "ఏటి బావూ, నా గుంటడిని నాను సూడ్డానికి కూడా కాయితం కావాలా?" అంది. ఊచల్లోంచి గిన్నె దూరలేదు. జంతికలు మాత్రం దూరాయి. ఆ గోడకి అవతలే మా మరుగుదొడ్లు. పదింట్లో మూడు పనిచేసేవి. తెల్లారకుండా లేచి చెంబు పట్టుకుని అదే గోడ దూకి తుప్పల్లోకి పోయేవాళ్ళం. దూకినందుకు దెబ్బలు తిన్నాం. దూకాల్సిన అవసరం ఎందుకొచ్చిందని ఒక్కరూ అడగలేదు.

గోడ వద్దనడం లేదు. ఆడపిల్లల తల్లులే గోడ కట్టమంటారు, వాళ్ళ భయం నిజం. అయితే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఒకసారి తీసి చూడండి. బడికి ఏమేం ఉండాలో అందులో వరసగా ఉంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు, అందరికీ సరిపడా సురక్షితమైన తాగునీరు, ఆట స్థలం, ప్రహరీ లేదా కంచె. అన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి. గోడ ఒకసారి కడితే ఫోటో వస్తుంది, బిల్లు అవుతుంది. నీళ్ళు అట్లా కాదు. ట్యాంకు కడగాలి, క్లోరిన్ కలపాలి, పరీక్ష చేయించాలి, వారం తిరగ్గానే మళ్ళీ చెయ్యాలి. దానికి మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టని చోట కెమెరా పెడతారు. కెమెరా గేటు వైపు చూస్తుంది, ట్యాంకు వైపు చూడదు.

అంబేద్కర్ బళ్ళో దాహమేస్తే కుళాయి తానే తిప్పుకోడానికి లేదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేనిరోజు నీళ్ళు లేవు. 1927లో మహద్ చెరువు దగ్గరికి నడిచిన మనిషి చదువు అక్కడ మొదలైంది. ఇవాళ మన పిల్లలకి కుళాయి తిప్పుకునే హక్కుంది. అందులో ఏం వస్తోందని అడిగే హక్కు లేదు.

తిండి లెక్క కూడా చూద్దాం. 2023లో డైట్ చార్జీలు పెంచారు. ఐదు నుంచి పదో తరగతి పిల్లకి నెలకి 1250 రూపాయలున్నది 1400 అయింది. రోజుకి 47 రూపాయలు కూడా పడదు. టిఫిను, రెండు పూటల భోజనం, చిరుతిండి, గుడ్డు అందులోనే. వార్డెను దొంగ కానక్కర్లేదు, పులుసు పలచబడటానికి ఈ అంకె చాలు.

భద్రత పేరుతో ఉన్న నియమాలు మాటని కూడా కట్టేస్తాయి. ఫోను ఉండకూడదు, గేటు పాసు లేకుండా కదలకూడదు, అమ్మానాన్నలు చెప్పిన ఆదివారమే రావాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడం నేరం. 1098కి ఫోన్ చెయ్యమని గోడమీద రాస్తారు. ఫోను ఆఫీసు గదిలో ఉంటుంది. ఎవరి మీద చెప్పుకోవాలో ఆ మనిషి ముందు నిలబడి చెప్పుకోవాలి! ఇంక పిల్లలకి మిగిలేది రోడ్డు. పళ్ళేలు పట్టుకుని కలెక్టరాఫీసుకి నడిస్తే క్రమశిక్షణ లేదంటారు, వెనక ఎవరున్నారని ఆరా తీస్తారు. ఈ ప్రాంతంలో ఆ అనుమానం పాతదే. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సభకి పోతున్న కోరన్న, మంగన్నలని లేవిడి దగ్గర కాల్చి చంపారు. తర్వాత ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే.

విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్ళు ఉండాలంది. మన తల్లులు ఆ కమిటీకి రావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. ఆ రెండూ ఇచ్చి, ఆదివారం పూట మీటింగు పెట్టి, ట్యాంకు మూత తీసి చూపించాలి. నీళ్ళ పరీక్ష కాయితాన్ని ఆఫీసు బీరువాలో కాకుండా గేటుకి బయటివైపు అంటించాలి. చదువురాని తల్లికి లోపల చదువుకుంటున్న పిల్లే దాన్ని ఊచల్లోంచి చదివి చెబుతుంది.