రెండు ‘చివరకు మిగిలేది’లు

‘చివరకు మిగిలేది’ అనగానే తెలుగు విద్యార్థికి స్ఫురించేది బుచ్చిబాబు నవల. ఏలూరులో జన్మించిన ఆ రచయిత దయానిధి అనే వైద్యుని అంతరంగాన్ని తరచి చూచిన గ్రంథమది. నేటికీ ముద్రణలు పొందుతూనే ఉన్నది. అదే పేరుతో 1960లో ఒక చలనచిత్రం వెలువడిందని ఎరిగిన విద్యార్థులు స్వల్పం. పేరు ఒక్కటే గాని కథ వేరు. దయానిధిని వెదకుతూ ఈ చిత్రం చూచేవారికి ఆశాభంగం తప్పదు.

దీనికి మూలం అశుతోష్ ముఖర్జీ వ్రాసిన వంగకథ. 1959లో అసిత్ సేన్ దర్శకత్వాన, సుచిత్రా సేన్ నాయికగా వంగభాషలో ‘దీప్ జ్వేలే జాయ్’ వచ్చింది. మరుసటి ఏటనే గుత్తా రామినీడు దానిని తెలుగు చేశారు. హిందీలో ‘ఖామోషీ’ రావడానికి 1969 దాకా పట్టింది. ఈ విషయంలో మనవారే ముందు.

మానసిక చికిత్సాలయంలో ఒక నర్సు. మతి చలించిన రోగియెడ ప్రేమ నటించి అతనికి స్వస్థత చేకూర్చవలెనని వైద్యుని ప్రయోగం. రోగి కోలుకొంటాడు. కాని నటన ఆమెపాలిట నిజమవుతుంది. రెండవ రోగికి ఆ ఔషధమే మళ్ళీ ఇవ్వవలసి వచ్చేసరికి ఆమె మనస్సే చితికిపోతుంది. హత్య లేదు, హంతకుడు లేడు. అయినా అపరాధ పరిశోధనలకు లేని భయం ఇందులో ఉన్నది. ఒకరి హృదయాన్ని మందుగా వాడే అధికారం వైద్యునికెవరిచ్చారు? ఆ నర్సు పాత్రధారిణి సావిత్రి. కృష్ణ ఆవలి ఒడ్డున చిర్రావూరులో పుట్టి, బెజవాడలో నాట్యం నేర్చిన నటి. ‘మిస్సమ్మ’ (1955) చూచి నవ్వినవారు ఈ మౌనాన్ని కూడా చూడవలె.

సేకర్తలకు ఈ చిత్రంపై గల మక్కువకు సావిత్రి ఒక కారణం. అశ్వత్థామ సంగీతం, ఘంటసాల గానం మరికొన్ని. అసలు ఆకర్షణ మాత్రం పాటల పుస్తకం! ఆ రోజులలో టాకీసుల వద్ద అణాలకు అమ్మిన పలుచని పుస్తకాలవి. వాటిలోని కథాసంగ్రహం ముగింపుదాకా సాగదు. తక్కినది వెండితెరపై చూడమని ఆగిపోతుంది. పౌరాణిక చిత్రానికి అది వట్టి లాంఛనం. లంకాదహనం తరువాత ఏమయిందో ఎవరికి తెలియదు? ఇటువంటి మనోవైజ్ఞానిక కథకు మాత్రం ఆ ఆగిన వాక్యమే ప్రాణం.

చవుక కాగితం, తుప్పుపట్టిన పిన్ను, పాడుకొని పాడుకొని నలిగిన పుటలు. దాచుకొనడానికి కాక, వాడి పారవేయడానికే అచ్చయినవి. విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణాలలో సేకర్తలు నేటికీ అట్టివాటికై వెదకుతుంటారు. అట్ట లేని ప్రతి అయినా వారికి సమ్మతమే. చివరి పుట చిరిగి ఉంటే మాత్రం బేరం కుదరదు.