చెంబు చరిత్ర, తొండం చరిత్ర

వీపనగండ్లల డిగ్రీ పూర్తిచేసిన మన పిల్ల ఎవరన్నా "కళా చరిత్రల పీజీ చేస్త" అంటే, ఇంట్ల అడిగే మొదటి మాట "బొమ్మలు గీసుడు గూడ చదువేనా?" అని. రెండోది "నౌకరొస్తదా?" అని. రెండో ప్రశ్నకు తియ్యటి జవాబు లేదు. మ్యూజియాలు, పాఠాలు చెప్పే కొలువులు ఉన్నయి గానీ తక్కువ. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలె. ఇది గీసే చదువు కాదు, చూసే చదువు. ఒక వస్తువును ఎవరు చేసిన్రు, ఎవరి కోసం చేసిన్రు, ఖర్చు ఎవరు పెట్టిన్రు, దాని దగ్గరికి ఎవరిని రానియ్యలేదు అని అడిగే చదువు.

బరోడాలో ఫైన్ ఆర్ట్స్ ఫాకల్టీ 1949-50 నాటికే మొదలైంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ 1988లో వచ్చింది, అక్కడ కళా చరిత్రలో పీజీ ఉంది. జేఎన్‌యూలో కళలు, సౌందర్యశాస్త్రాల స్కూల్ 2001లో ఏర్పడింది. అక్కడ పాఠం చెప్పిన వై.ఎస్. అలోనే కులం గురించి తెలుసుకోకుండా పండితులు తమ అజ్ఞానాన్ని తామే కాపాడుకుంటున్నరని వాదించిండు. డిజైన్ చరిత్ర ఇంకా చిన్న శాఖ. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ కలిసి దానిలో పీజీ మొదలుపెట్టింది 1982లోనే.

మన దిక్కు కళా చరిత్ర అనంగనె అలంపురం యాదికొస్తది. ఏడు, ఎనిమిది శతాబ్దాల బాదామి చాళుక్యుల నవబ్రహ్మ గుళ్లు చూడదగ్గవే, కాదనం. కానీ శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంల నిలబెట్టిన్రు. అదే ముంపుల 1981లో "ఆపరేషన్ డిమాలిషన్" పేరుతో ఇండ్లు కూలగొట్టి జనాన్ని వెళ్లగొట్టిన్రు. సుమారు లక్ష మంది నిర్వాసితులైన్రు. గుడి రాయికి దక్కిన జాగ్రత్త వాడల గోడకు దక్కలేదు. ఏది "వారసత్వం", ఏది వట్టి మట్టి అని తేల్చే అధికారం ఎవరి చేతుల ఉందో అడగడం కూడా కళా చరిత్ర పనే.

ఇంకో ముచ్చట. అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చిన్రు. అహ్మదాబాద్‌లో 1961లో వచ్చిన జాతీయ డిజైన్ సంస్థకు అదే మూలం. అందులో వాళ్లు మన చెంబును మస్తు మెచ్చుకున్నరు. ఒక్కరు గీసింది కాదు, తరతరాల చేతులల్ల కుదిరిన రూపమని. మాట నిజమే. అయితే ఆ చెంబును ముట్టనియ్యక, దోసిట్లకు పైనుంచి నీళ్లు పోయించుకున్న మనుషులకు చెంబు రూపం వేరేగ కనిపిస్తది. మూతి వెడల్పు, అంచు వంపు మాత్రమే కాదు, ఎంత ఎత్తునుంచి పోస్తరనేది కూడా ఆ డిజైన్ చరిత్రల భాగమే.

మోట సంగతి చూడుండ్రి. మోట బొక్కెనకు కింద తోలు తొండం ఉంటది. సన్నతాడుతోటి తొండం మూతిని పైకి మడిచి పట్టుకుంటే, బాయిల నుంచి పైకొచ్చేదాక నీళ్లు ఆగుతయి. ఒడ్డుకు రాంగనె మూతి కాలువ దిక్కు వాలి నీళ్లు వాటంతటవే పడతయి. బొక్కెన వంచే మనిషి అవసరమే లేదు. తోలు ఎంత మందముండాలె, ఎట్ల ఊనాలె, కుట్టు ఎక్కడ పడితే కారదో తెలిసినోళ్లు మాదిగలు. దానికి దక్కింది కల్లం కాడి గింజలు. చరిత్రల రాసింది మాత్రం రైతు మోట తోలిండని!

డక్కలోళ్లు జాంబపురాణం చెప్పే పటం కూడా ఇంతే. మ్యూజియంల వేలాడితే అది చేర్యాల నకాషీ చిత్రకళ, రంగులు, గీతలు. మాదిగవాడల విప్పితే తమ పుట్టుక తామే చెప్పుకునే పత్రం. పాఠ్యపుస్తకం మొదటి సంగతే చెప్తది.

పీజీలో చివర ఒక పరిశోధన వ్యాసం రాయాలె. పుస్తకాలు చాలా మటుకు ఇంగ్లీషుల ఉంటయి, మొదట్ల భయమైతది, సీనియర్లను పట్టుకుని చదువుకోవాలె. అంశం కోసం మాత్రం దూరం పోనక్కర్లేదు. మోటర్లొచ్చినంక మోటలు పోయినయి. తొండం కుట్టిన తాతలు ఊరికి ఒకరిద్దరన్నా మిగిలి ఉంటే, వాళ్ల దగ్గర కూసొని కొలతలు రాసుకోండి, పనిముట్ల పేర్లు వాళ్ల నోటి మాటలోనే రాయండి, కుట్టు బొమ్మ గీయించుకోండి. కుట్టిన మనిషి పేరు మరువకండి.