ఆకు రాల్చిన అడవి నడుగుదము

ఫాల్గుణమాసమున ఖానాపూర్ దాటి కడెము మీదుగా జన్నారము వైపు పోవువారికి, గోదావరి దిక్కున సదర్‌మాట్ కాలువ నీటితో పచ్చగా నిలిచిన యాసంగి వరిమళ్లును, కొండల దిక్కున ఆకంతయు రాల్చి మోడులై నిలిచిన టేకుచెట్లును, వాని నడుమ ఆకు లేని కొమ్మలనిండ ఎఱ్ఱగా పూచిన మోదుగలును కానవచ్చును. పాఠ్యపుస్తకము దీనికి ‘శుష్క పర్ణపాతి అరణ్యము’ అని పేరు పెట్టి, ఆ పేరును కంఠస్థము చేసిన బాలునకు మార్కులు వేసి, ముందునకు సాగిపోవుచున్నది. పేరు తెలిసిన మాత్రమున చెట్టు తెలియదు. తప్పని తేలుటకు అవకాశమున్న సమాధానములను వెదకి, వానిని పరీక్షకు పెట్టుటతోనే జీవశాస్త్రము మొదలగునని నా దృఢవిశ్వాసము. అందులకు ప్రయోగశాల వఱకు పోనక్కఱలేదు, ఖానాపూర్ పొలిమేర చాలును.

టేకు ఆకు నెందుకు రాల్చును? ఎవరి నడిగినను మొదట వచ్చు సమాధానము ఎండ యని. వినుటకు బాగుగనే యున్నది గాని, మెట్టనేలల టేకు మార్గశిర పుష్యములలో, చలి వణికించు దినములలోనే ఆకు రాల్చ నారంభించునని అడవి నెఱిగినవారందఱును చెప్పగలరు. కావున ఎండ యనెడి ఊహ కేవల పరిశీలనమునకే ఓడిపోవుచున్నది. ఇక రెండు ఊహలు మిగులును. వానలు వెనుకబడి నేలలో చెమ్మ తఱిగినందున రాల్చుననునది యొకటి. పగటి నిడివి మారుటను చెట్టు గుర్తించి, కాలము తెలిసి రాల్చుననునది రెండవది. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుటకు, కడెము వాగు ఒడ్డున నెదిగిన టేకుచెట్లు ఇరువదింటిని, కొండవాలున అదే వయసు గల చెట్లు ఇరువదింటిని, మనసునకు నచ్చినవానిని గాక చీట్లు వేసి యెన్నుకొని, బెరడుపై సున్నముతో అంకెలు వేసి, వారమున కొకమారు ఏ చెట్టున ఎంత ఆకు మిగిలినదో పుస్తకమున వ్రాసికొనవలెను. ఒక్క చెట్టును చూచి తీర్పు చెప్పరాదు, అది చీడ పట్టియు ఆకు రాల్చి యుండవచ్చును. సూర్యుడు ఒడ్డు చెట్లకును వాలు చెట్లకును ఒకే వేళకు ఉదయించి ఒకే వేళకు అస్తమించును. పగటి నిడివియే కారణమైనచో రెండు గుంపులును కలిసి ఆకు రాల్పవలెను, చెమ్మయే కారణమైనచో వాలు చెట్లు ముందుగను ఒడ్డు చెట్లు వెనుకగను రాల్పవలెను. టేకు పెంపకము నెఱిగిన అటవీశాస్త్రజ్ఞులు చిరకాలము క్రిందటనే గమనించినది చెమ్మను బట్టి రాలు ఈ తీరునే: పొడినేలలలో నవంబరు జనవరి నడుమ బోసిపోవు టేకు, చెమ్మ గల తావులలో మార్చి వఱకును, ఒక్కొకచోట అంతకు మించియు ఆకును నిలుపుకొనును.

ఇప్పుడు ఆకును చేతిలోనికి తీసికొని చూడవలెను. టేకు లేత ఆకును అరచేతుల నడుమ నలిపినచో చేతులు ఎఱ్ఱబడును. ముదురాకు పైభాగము గరుకుగాను, అడుగుభాగము సన్నని నూగుతోను ఉండును. ఆ నూగు చాటున, కంటికి కనబడనంత చిన్నవైన రంధ్రములు అసంఖ్యాకముగా నున్నవి. ఆకు తన ఆహారమును తాను వండుకొనుటకు కావలసిన బొగ్గుపులుసు వాయువు ఆ రంధ్రముల గుండనే లోనికి పోవలెను. అవి తెఱచిన ప్రతి క్షణమును లోని నీరు ఆవిరియై వెలికి పోవుచునే యుండును. అన్నము కావలెనన్న నీరు వదలక తప్పదు. వేళ్లు తోడు నీటికంటె ఆకులు వదలు నీరు ఎక్కువైన దినమున చెట్టునకు ఆకు భారమగును. అప్పుడు కాడ మొదట ఒక పలుచని పొర బలహీనపడి, ఆకు ఊడిపడును.

ఇంతటితో కథ ముగిసినదనుకొన్నచో ఇప్పచెట్టు మన గర్వము నణచును. చైత్రమున నేల ఇంకను ఎండి నెఱ్ఱెలు వారియుండగా, తొలకరికి రెండు మాసములు గడువుండగానే, ఇప్ప రాగిరంగు లేజిగుళ్లు తొడుగును. చెమ్మ లేక ఆకు రాల్చిన చెట్టు అంతకంటె తక్కువ చెమ్మలో క్రొత్త ఆకు నెట్లు వేయగలదు? ఆకులు పోయినందున నీటి వ్యయము నిలిచిపోయి, లోతున నున్న వేళ్లు కొద్దికొద్దిగా తోడిన నీటితో మ్రాను మరల నిండుననియు, అట్లు నిండిన పిమ్మట పెరుగుచున్న పగటి నిడివియే చిగురునకు సూచన యగుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆకు రాలుట విషయమున మనము త్రోసివేసిన ఊహయే, చిగురు విషయమున మరల ప్రాణము పోసికొని వచ్చినది చూడుడు. విజ్ఞానమునందు ఓడిన సమాధానము సైతము పారవేయదగినది కాదు, మరియొక ప్రశ్నకు అది పనికిరావచ్చును.

ఆ ఇప్ప క్రిందికే తెల్లవాఱుజామున గోండు, కోలాము, నాయకపోడు స్త్రీలు గంపలతో వత్తురు. వారికంటె ముందు ఎలుగుబంటి వచ్చి పోయినను పోవచ్చును. పువ్వు రాత్రివేళ ఘాటైన వాసనతో విచ్చును. ఫలములు తిను గబ్బిలములు గుత్తులపై వ్రాలి, తీయని దళముల కొఱకు ముఖము దూర్చి, పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు మోయును. వేకువకు రాలిపడు ఆ మీగడరంగు పువ్వును వ్రేళ్లతో విప్పి చూచినచో, అందు కండగల ఆకర్షణదళములును వాని లోపల కేసరములును మాత్రమే యుండును. కాయగా మాఱవలసిన అండాశయము కొమ్మననే నిలిచిపోయినది. కావున ఎన్ని గంపల పువ్వు ఏరినను చెట్టునకు కాయ తఱుగదు, నూనెకు గింజ తఱుగదు. ఇంత పొదుపైన ఏర్పాటును నేను మరియొకచోట ఎఱుగను.

ప్రక్కనే యున్న మోదుగ దారి వేఱు. అది పగలు పూయును, వాసన లేదు, రంగు మాత్రము దూరమునుండి పిలుచును. గోరువంకలును తేనెపిట్టలును దాని అతిథులు. పక్షి రంగును చక్కగా చూడగలదు గాని వాసనపై అంతగా ఆధారపడదు. రాత్రి తిరుగు ఆ గబ్బిలమునకు వాసన దారి చూపును. ఎవరో ఆలోచించి ఈ జతలను కూర్చినారని కాదు. కొంచెము వాసన యెక్కువైన ఇప్పకు కొంచెమెక్కువ కాయ కాచి, ఆ గుణము విత్తులతో దిగివచ్చి, తరతరములకు పేరుకొన్నదని డార్విన్, వాలేసులు 1858లో లోకమునకు వెల్లడించిన ప్రకృతివరణ సిద్ధాంతము చెప్పుచున్నది.

పువ్వును విడిచి కఱ్ఱకు వచ్చినచో, నిర్మల్ బొమ్మలు చెక్కు పొనికి కఱ్ఱను, టేకు ముక్కను రెండు చేతులలో పట్టి తూచినవారికి జీవకణమును గూర్చి వేఱుగా బోధింపనక్కఱలేదు. కఱ్ఱ యనగా నిర్జీవమైన కణముల గోడలు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూచినవియు అట్టి గోడలే. పొనికిలో ఆ గోడలు పలుచన, లోపలి ఖాళీ యెక్కువ. కనుకనే అది తేలికయై ఉలికి లొంగును. టేకులో గోడలు మందము, పైగా చెదలను దఱిచేరనీయని నూనెలు కలవు.

చెదలనగానే ఒక సంగతి చెప్పక తప్పదు. అవి చీమలకు బంధువులు కావు, బొద్దింకల వంశములోనివి. పుట్ట లోపల అవి నమలి తెచ్చిన ఆకు, పుల్లల పొడిపై ఒక శిలీంధ్రమును సేద్యము చేయును. తొలకరి వానలకు పుట్టపై లేచు పుట్టకొక్కులు ఆ సేద్యపు పంటయే. మనము కూర వండుకొను ఆ కొక్కు, నేలనుండి మొలచినదైనను, చెట్లకంటె జంతువులకే దగ్గఱి చుట్టము. అట్లే కుక్కను పోలిన దుమ్ములగొండి కుక్క జాతిది కాదు, పిల్లుల, ముంగిసల శాఖకు చెందినది. నిజమైన కుక్కల బంధువు గుంపులుగా వేటాడు రేచుకుక్క. లిన్నేయసు 1758లో జంతువులకు జంటపేర్లు పెట్టి క్రమపఱచినప్పుడు రూపసామ్యమే ప్రధానమైన ఆధారము. ఈనాడు ఎముకలు, కణములు, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. అన్నియు సాక్ష్యమిచ్చును. ఇంతవఱకు పేరు పెట్టబడిన జాతులు సుమారు 20 లక్షలు; వానిలో సగమునకు మించి కీటకములే. ఈ వైవిధ్యమంతయు ఒక జాబితా యని నేర్పుట పిల్లలకు ద్రోహము. అది ఒక వంశవృక్షము.

ఆ వృక్షమునకు ఎండిన కొమ్మలును కలవు. గోదావరి దిగువను, ప్రాణహిత–గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాకు చెందిన యామన్‌పల్లి కడ లభించిన ఎముకలు ఒక శాకాహారపు డైనోసారువి. భూగర్భశాస్త్రవేత్త యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిరి; సుమారు తొమ్మిది మీటర్ల పొడవు గల దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టబడియున్నది. ఆ వంశము అంతరించెను గాని డైనోసార్లలో మరియొక శాఖ పక్షులుగా మాఱి మిగిలినది. మోదుగపై తేనెపిట్ట ఆ శాఖలోనిదే.

ఒకే జాతిలోనైనను ఇద్దఱు ఒక్క తీరుగా నుండకపోవుటయే ప్రకృతివరణమునకు మూలధనము. దీనికి ఖానాపూర్ చేరువలో పెద్దపులిని మించిన నిదర్శనము లేదు. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల సంరక్షణకేంద్రముగా ప్రకటింపబడిన కవ్వాలులో పులిని లెక్కించువారు దానిని చూడనే చూడరు. దారికి ఇరుప్రక్కల చెట్లకు కెమెరాలు కట్టి వత్తురు. ఏ రెండు పులుల చారలును ఒకటి కావు; ఒకే పులికి కుడిప్రక్క చారలు వేఱు, ఎడమప్రక్క చారలు వేఱు, కనుకనే కెమెరాలు రెండు. పూర్వము పాదముద్రలను బట్టి లెక్కించు పద్ధతి యుండెను. తడినేలపై ఒకే పాదము ఒక రీతిగాను, దుమ్ముపై మరియొక రీతిగాను పడుటచే ఆ లెక్క నమ్మదగినది కాదని తేలి, 2006 నాటి దేశవ్యాప్త గణనము నుండి కెమెరాలకు ప్రాధాన్యము వచ్చినది. ఆ చిత్రముల వలననే మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల పులులు ఇటు తెలంగాణములోనికి నడచివచ్చుచున్నవని రుజువైనది. వచ్చుదారి కాగజ్‌నగర్ అడవులగుండ, పెన్‌గంగ రేవులగుండ, ప్రత్తిచేల నడుమగుండ నున్నది. ఆ దారి తెగినచో కొద్దిపాటి పులులు తమలో తామే జతకట్టి, కొన్ని తరములలో వాని రక్తమున వైవిధ్యము సన్నగిల్లి, ఒక్క వ్యాధికే అన్నియు లొంగిపోవు ప్రమాదము కలదు. అందువలన కవ్వాలు పులిని కాపాడుట యనగా కవ్వాలు సరిహద్దు లోపల కావలి కాయుట మాత్రమే కాక, కాగజ్‌నగర్ మీదుగా తాడోబా వఱకు గల ఆ దారిని తెగనీయక నిలుపుకొనుట.