వెనక నిలబడేవాడే రేపటి కోచ్

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి అయినా ఈశాన్యం అయినా ఇక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. శెనక్కాయ పంటను నమ్ముకుని, బోరు వెనక బోరు వేయించి అప్పులపాలైన పల్లెలే చుట్టూరా. అలాంటి చోట పచ్చగడ్డి మైదానమంటే ఎవరు నమ్ముతారు? ఆర్డీటీ క్రీడా గ్రామానికి వెళ్లి చూసినవాళ్లు నమ్ముతారు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఈ సంస్థ బడులు, ఆసుపత్రులతోపాటు ఆటలనూ పల్లెపిల్లల దాకా తెచ్చింది. రఫెల్ నాదల్ 2010లో టెన్నిస్ బడి తెరిచాడు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఇక్కడే జరిగాయి. ఆ హడావుడిలో ఫుట్‌బాల్‌ను మనం సరిగా పట్టించుకోలేదు. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లాలీగా చేయూతతో ఇక్కడ ఆడపిల్లలూ ఆడుతున్నారు.

ఏ ఊళ్లోనైనా పిల్లలకు గోల్ కొట్టాలనే ఉంటుంది. వెనక నిలబడమంటే మొహం ముడుచుకుంటారు. కానీ ఆట మొత్తం కనిపించేది వెనకున్న డిఫెండర్‌కే. ఒళ్లు సగం పక్కకు తిప్పి నిలబడాలి. బంతి అవతలి జట్టువాడి కాలి దగ్గరుండగానే ఎవరు ఎటు దూసుకొస్తారో భుజం మీదుగా చూసుకోవాలి. పక్కవాణ్ని కేకేసి సర్దాలి. కోచ్ చేసేదీ సగం అదే పని, గీత అవతల నిలబడి.

జర్మనీ డిఫెండర్ బెకెన్‌బావర్ 1974లో కెప్టెన్‌గా, 1990లో కోచ్‌గా ప్రపంచ కప్పు గెలిచాడు. అంత దూరం దేనికి, మన హైదరాబాదీ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ లేడూ! 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు ఆయనే కెప్టెన్. ఆ క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు మళ్లీ పతకం రాలేదు. కోచ్‌గా 2005లో కరాచీలో శాఫ్ కప్పు గెలిపించాడు. క్రమశిక్షణ దగ్గర రాజీపడని మనిషి, విసుక్కున్న ఆటగాళ్లూ ఉన్నారు. విచిత్రం చూడండి, గురువులకిచ్చే ద్రోణాచార్య 1990లోనే వచ్చింది, ఆటగాళ్లకిచ్చే అర్జున 1997 దాకా రాలేదు.

అనంతపురానికి మైదానం ఉంది, ఆడే పిల్లలున్నారు. బయటినుంచి వచ్చే కోచ్‌లు ఎన్నాళ్లుంటారు? ఇక్కడ ఆడి పెరిగిన డిఫెండర్లను, ముఖ్యంగా అమ్మాయిలను, కోచింగ్ లైసెన్సు చదువుకు పంపండి. కప్పులకు, సన్మానాలకు డబ్బిచ్చే దాతలు ఒక ఏడాది ఆ ఫీజులు కట్టి చూడాలి.